గాలి అంగడి శెట్టెమ్మ

పోయిన నెల పులివెందులలో పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు నాకు శెట్టెమ్మ గుర్తొచ్చింది. అత్తగారింటికి పోయిన చోట పంటి పోటు మొదలైంది. ఆగలేక, దొరికిన డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన నా నోట్లో ఏదో గొట్టం పెట్టి గాలి కొడుతుంటే కుర్చీ కింద నుంచి సన్నగా బుస్సుమని చప్పుడు. ఎక్కడో జాయింటు దగ్గర గాలి కారుతోంది. డాక్టరుకు వినబడటం లేదో, వినబడినా పట్టటం లేదో తెలియదు. నేను చెబుదామంటే నోటి నిండా దూది. శెట్టెమ్మ అయితే ఆ కుర్చీలోంచి లేచి, ముందు ఆ జాయింటు సరిచేయించి, ఆ తర్వాతే నోరు తెరిచేది. ఆమె నోరు మూసుకుని ఉండగా నేను చూసింది ఒకే ఒక్కసారి కాబట్టి, ‘తెరిచేది’ అనటం కూడా అంత సరైన మాట కాదు.

ఆమె పోయి రెండేళ్లయింది. అసలు పేరు నాకు తెలిసింది కూడా అప్పుడే, అంగడి ముందు కట్టిన ఫ్లెక్సీలో చూసి. ఏదో దేవత పేరు, చాలా మెత్తటి పేరు. ఆమెకు ఒక్క అక్షరం కూడా నప్పలేదు. ఫ్లెక్సీలో ఫోటో కూడా ఎవరో పెళ్లిలో తీసింది, నోరు మూసుకుని చిరునవ్వు నవ్వుతోంది. పక్కన నిలబడ్డ టైర్ల అంగడి ఆయన చాలాసేపు చూసి, “ఈమె ఎవురబ్బా?” అని నన్ను అడిగాడు.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి వెనక ఒక సన్నటి సందులో ఆమె అంగడి. గాలితో నడిచే యంత్రాలకు కావలసిన గొట్టాలు, వాటిని అతికించే కప్లింగులు, క్లాంపులు, వాల్వులు అమ్మేది. జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి గనుల వాళ్లం, పులివెందుల వైపు బోర్లు వేసే లారీల వాళ్లు, పంక్చర్లు వేసేవాళ్లు, కార్లకు రంగులు కొట్టేవాళ్లు అందరం అక్కడికే పోయేవాళ్లం. అందరికీ ఆమె శెట్టెమ్మే. ఆమె చుట్టాలంతా ముందు వీధిలో అద్దాల అంగళ్లలో చల్లగా కూర్చుని బంగారం అమ్ముతారు. ఈమె వెనక సందులో ఫ్యాను కింద కూర్చుని ఇత్తడి, ఇనుము అమ్మేది. భర్త పోయినాక చుట్టాలంతా చేరి, ఆ గాలి వ్యాపారం మానేసి కవరింగు నగలైనా పెట్టుకొమ్మని చెప్పి చూశారట. వాళ్లకు ఆమె చెప్పిన జవాబు ఆమె నోటితోనే నేను పదిసార్లయినా విన్నాను.

“మీ సరుకు మెడలో ఏసుకోని ఊరంతా చూపించేది. నా సరుకు యాడుండాదో ఎవురికీ తెలీకపోతేనే అది బాగుండాదని లెక్క.”

గాలి వ్యాపారం అంటే అందరూ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఒకసారి ఎన్నికల్లో గెలిచిన వాళ్ల మనుషులు కొందరు ఊరేగింపులో రంగుకాగితాలు ఎగజిమ్మే యంత్రానికి కప్లింగు కావాలని వచ్చారు. ప్రెషరెంత అని ఆమె అడిగింది. ఎంత వీలైతే అంత గట్టిగా కొట్టాలన్నారు. మీ నాయకుడి ఉపన్యాసమంత గట్టిదైతే తట్టుకునే సరుకు తన దగ్గర లేదని చెప్పి పంపించేసింది. వాళ్లు బయట కాసేపు నిలబడి, కోప్పడాలా వద్దా అని ఆలోచించుకుని వెళ్లిపోయారు.

ఆమె దగ్గర కొలతబద్ద ఉండేది కాదు. వేళ్లే ఆమె కొలత. చిటికెన వేలు పట్టే రంధ్రం సరుకు లెక్కలో పావు ఇంచు, చూపుడు వేలు పడితే అంతకంటే ఒక సైజు పెద్దది, బొటనవేలు పడితే అర ఇంచు. ఎంత పనిమంతుడు స్కేలు పట్టుకుని వచ్చి కాదన్నా, చివరికి ఆమె వేలే నెగ్గేది. ఒక్కసారి మాత్రం వేలు దెబ్బతినింది. చూపుడు వేలు ఒక ఇత్తడి కప్లింగులో ఇరుక్కుపోయి, సబ్బు రాసినా, నూనె పోసినా రాలేదు. అదే రోజు చుట్టాల ఇంట పెళ్లి. ఆ కప్లింగుతోనే పోయింది. అక్కడ ఒకామె ఆ వేలు పట్టుకుని, డిజైను కొత్తగా ఉందే, ఏ అంగట్లో చేయించినారు అని అడిగిందట. ఈమె ఏమాత్రం తొణక్కుండా, ఇది పది కేజీల గాలి ప్రెషరుకు తట్టుకునే డిజైను అని చెప్పిందట. మర్నాడు లేతు మిషను పెట్టుకున్నతను దాన్ని కోసి తీశాడు. కోసిన రెండు ముక్కలూ చాలా రోజులు గల్లాపెట్టె మీదే ఉండేవి.

ఆకువక్క బాగా వేసేది. గొట్టం ఎక్కడైనా మూసుకుపోయిందేమో చూడాలంటే దాన్ని నోటికి పెట్టుకుని బుగ్గలు పూరించి ఊదేది. అందుకని ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్రతి కొత్త గొట్టం మొదట్లో కొద్దిగా ఎర్రగా ఉండేది. ఎవరైనా మొహం చిట్లిస్తే, “కడుక్కో. గాలికేం రోగం రాదులే,” అనేది.

నేను మొదటిసారి ఆమె దగ్గరికి పోయినప్పుడు నాకు ముప్పై అయిదేళ్లు. మా నాయన నాపరాయి గని నాకు అప్పగించి ఇంట్లో కూర్చున్న కొత్త. బుల్లెట్ బండి, చలువ కళ్లద్దాలు, ఊళ్లో మా ఇంటికి ఉన్న పేరు, ఈ మూడూ వేసుకుని అంగడి ముందు దిగి ఒక కప్లింగు ఇమ్మన్నాను. ఆమె ఇవ్వలేదు. దేనికి అనింది. గొట్టం లోపలి కొలత ఎంత అనింది. కంప్రెసరు ఎన్ని కేజీల గాలి ఇస్తుంది, ఆ యంత్రం ఊగేదా, ఒకచోట నిలబడి ఉండేదా, రోజుకు ఎన్నిసార్లు ఊడదీస్తారు అని వరసగా అడిగింది. నాకు ఒక్కటీ తెలియదు. గనిలో యంత్రం ఉందని తెలుసు, అది నాదని తెలుసు, అంతే.

“గొట్టమెంతో తెలీకుండా దానికి మూతి కొనేకొచ్చినావా? పో, కొలుచుకోనిరా,” అనింది.

నా వెనక నలుగురు నిలబడి ఉన్నారు. జమ్మలమడుగు దాకా తిరిగిపోయి, కొలుచుకుని, మళ్లీ మధ్యాహ్నం వచ్చాను. దారంతా ఆమెను తిట్టుకుంటూనే వచ్చాను. అప్పుడు మాత్రం కూర్చోబెట్టి అంతా చెప్పింది. రోజూ ఊడదీసి తగిలించేదానికి నొక్కితే ఊడేది ఒకటి ఉంటుంది. పెళ్లి మాదిరి ఒకసారి బిగించి మరిచిపోయేదానికి మర ఉన్నది వేరే ఉంటుంది. ఆ మరల్లో కూడా రెండు జాతులున్నాయి, చూసేకి ఒకటే మాదిరి ఉంటాయి, ఒకదాంట్లో ఇంకోటి రెండు చుట్లు చక్కగా తిరిగి ఆ తర్వాత మొరాయిస్తుంది. రెండు చుట్లు తిరిగిందని సంబంధం ఖాయం చేసుకోవద్దని చెప్పింది. రాళ్లలో రంధ్రాలు వేసే జాక్‌హామర్‌కు ఈ రెండూ పనికిరావు. దానికి చెవుల కప్లింగు కావాలి. రెండు ముక్కలకూ రెండేసి చెవులుంటాయి. ఎదురెదురుగా పెట్టి పావు చుట్టు తిప్పితే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. అయితే యంత్రం అదురుకు ఆ చెవులు మళ్లీ వెనక్కి తిరుగుతాయి. అట్లా తిరగకుండా చెవికి ఒక రంధ్రం, అందులో ఒక పిన్ను. ఆ పిన్ను కూడా మోసం చేస్తే గొట్టం ఎగరకుండా జాయింటుకు అటూ ఇటూ కలిపి ఒక ఉక్కు తాడు.

“మూడూ కలిపే ఇస్తా. కప్లింగు ఒకటే కావాలంటే నా కాడ ల్యా,” అనేది ప్రతి ఒక్కరితో.

చాలామంది కొనేవాళ్లు కాదు. పక్క అంగట్లో కప్లింగు ఒక్కటే కొనుక్కుని పోయేవాళ్లు. ఎందుకామెకు అంత పట్టుదల అని గనుల్లో ఒక కథ పుట్టింది. గొట్టం తగిలి ఆమె తమ్ముడు చిన్నప్పుడే పోయాడట, ఆ దుఃఖంతోనే ఆమె అట్లా తయారైందట. ఆ కథ విని నాకు కూడా కొంచెం జాలి కలిగింది. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. “తమ్ముడా? వాడు మైదుకూరులో చీరలమ్ముతాండాడు. దున్నపోతు మాదిరుంటాడు. వాని మీద గొట్టం పడితే గొట్టమే పోతాది,” అనింది.

మూడో ఏడో, నాలుగో ఏడో ఎండాకాలంలో రెండు కప్లింగులు అవసరమై పోయాను. పిన్నులు, ఉక్కు తాళ్లు కూడా ముందు పెట్టింది. ఆ రోజు నాకు పని తొందర. పైగా ఎప్పుడూ ఆమె చెప్పిందే కొనాలా అని లోపల ఒక మంట. కప్లింగులు ఒక్కటే ఇవ్వమన్నాను. ఇవ్వనంది. నాలుగు మాటలు అని బయటికొచ్చి, ఇంకో అంగట్లో తక్కువ రకం రెండు కొన్నాను. వాటి చెవులకు పిన్ను దూర్చే రంధ్రం కూడా లేదు. అది నేను గమనించకపోలేదు. గనికి తెచ్చి ఓబులేసు చేతికిచ్చి, చెవుల చుట్టూ బైండింగు వైరు గట్టిగా కట్టి పని కానీయమన్నాను.

ఓబులేసు మా దగ్గర జాక్‌హామర్ పట్టేవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. మా నాయన కాలం నుంచి ఉన్నాడు. ఆ కప్లింగును ఒకసారి ఇటూ అటూ తిప్పి చూసి, నా మొహం చూసి, వైరు కట్టాడు.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు మధ్యాహ్నం నేను షెడ్డులో మజ్జిగ తాగుతుంటే పటాసు పేలినట్టు చప్పుడైంది. బయటికి పరిగెత్తేసరికి దుమ్ములో గొట్టం పాములాగా లేచి కొట్టుకుంటోంది. దగ్గరికి ఎవరూ పోలేకపోతున్నారు. కంప్రెసరు ఆపేసరికి అది చల్లబడి పడిపోయింది. ఓబులేసు బండ పక్కన ఒరిగి ఉన్నాడు. కాలర్ ఎముక విరిగింది, రెండు పక్కటెముకలు విరిగాయి. ఇంకో జానెడు పైన తగిలుంటే నేనిది రాసేవాణ్ని కాదేమో, ఇంకెక్కడో ఉండేవాణ్ని. ప్రొద్దుటూరు ఆసుపత్రికి తీసుకుపోయాం.

ఆసుపత్రి వరండాలో ఓబులేసు బామ్మర్ది, ఆయన కూడా గనుల్లోనే పనిచేస్తాడు, నన్ను సూటిగా అడిగాడు.

“ఆ కప్లింగు యాడ కొన్న్యావప్పా?”

“శెట్టెమ్మ అంగట్లో,” అన్నాను.

ఆలోచించి అన్నమాట కాదు. నోట్లోంచి ఊడి పడింది. కానీ పడినాక వెనక్కి తీసుకునే ప్రయత్నం కూడా నేను చేయలేదు. నేను చెప్పిన మాటకు ఎవరూ ఎదురు అడగలేదు. మూడు రోజుల్లో జమ్మలమడుగు టీ అంగళ్ల నుంచి పులివెందుల బోరు లారీల దాకా అందరికీ తెలిసిపోయింది. పిన్నులని, తాళ్లని అంత బిల్డప్పు ఇచ్చి చివరికి అమ్మేది ఇదా అని నవ్వుకున్నారు. ఇద్దరు గని యజమానులు అప్పటికే ఇచ్చిన ఆర్డర్లు వద్దన్నారని విన్నాను. విని ఊరుకున్నాను.

నాలుగో రోజు ఆమే వచ్చింది. బస్సు దిగి, ఆటోలో సగం దూరం వచ్చి, మిగతాది గొడుగు వేసుకుని రాళ్ల మీద నడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి. గనిలో పాతికమంది ఉన్నాం. ఓబులేసు బామ్మర్ది కూడా ఉన్నాడు. ఒక బండ మీద కూర్చుని, ఊడిపోయిన కప్లింగు చూపించమని చెయ్యి చాపింది. ఎవరో తెచ్చిచ్చారు. తిప్పి చూసింది. ఒక చెవి మీద బొటనవేలు పెట్టి రుద్దింది. ఇంకో చెవి మీద రుద్దింది. తర్వాత తలెత్తి నా వైపు చూసింది.

ఆమె నోరు మూసుకుని ఉండగా నేను చూసింది అప్పుడే. బామ్మర్ది ముందుకొచ్చి, ఏమంటావు శెట్టెమ్మా అని అడిగాడు. ఆమె మంచినీళ్లు అడిగి తాగింది. కప్లింగును సంచిలో వేసుకుని లేచి, తనను బస్సుల దగ్గర దింపమని నాకు చెప్పింది.

బుల్లెట్ మీద ఒక పక్కకు తిరిగి కూర్చుని, ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో నా భుజం పట్టుకుంది. తారు రోడ్డెక్కినాక నా చెవి దగ్గర చెప్పింది.

“నా అంగట్లో చెవికి బొక్క లేని సరుకుండదు. నీకు తెలుసు.”

తెలుసన్నాను.

“ఆడ చెప్పింటే నిన్ను తన్నేటోళ్లు.”

అవునన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆమె మంచితనం గురించి ఏదైనా చెబుతుందనుకున్నాను. చెబితే కొంచెం ఏడ్చి తేలికపడదామని కూడా అనుకున్నాను.

“నేను చెప్తే అంగడామె తన సరుకును తానే మెచ్చుకుంటాందంటారు. నువ్వు చెప్తేనే నమ్ముతారు. ముందు పోయి ఓబులేసుకు చెప్పు. తర్వాత మీ క్వారీలకు సెలవు దినం పొద్దున్నే వచ్చి నా అంగట్లో కూర్చో. వచ్చినోనికి వచ్చినట్టు నీ నోటితో చెప్పు. ఏమీ కలపగాకు. ఏమీ తీసేయగాకు.”

బస్సులో ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీట్లో కూర్చున్నామెను అప్పటికే ఏదో అడుగుతోంది. నేను బండి తిప్పుకున్నాను.

ఆ సాయంత్రమే ఆసుపత్రికి పోయాను. ఓబులేసు ఛాతీ చుట్టూ కట్టుతో కూర్చుని ఉన్నాడు. భార్య టీ తెచ్చేకి పోయింది. కప్లింగు శెట్టెమ్మ అంగట్లోది కాదని, చెవికి రంధ్రం లేదని చూసి కూడా కొన్నానని, అబద్ధం చెప్పానని చెప్పాను.

“నాకు తెల్దా అప్పా. వైరు కట్టింది నేనే గదా,” అన్నాడు.

మరి బామ్మర్ది అడుగుతున్నప్పుడు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“చెప్తే పన్లోకి రానిస్తావో రానీవో అని.”

ఆయన ఆ మాట కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. ఎండలు ఎక్కువగా ఉన్నాయన్నంత మామూలుగా అన్నాడు. భార్య టీ తెచ్చి నాకు కూడా ఒకటి ఇచ్చింది. తాగాను. తిరస్కరించే మొహం కూడా లేదు.

బామ్మర్దికి మర్నాడు నేనే చెప్పాను. ఆయన కొట్టలేదు గానీ, కొట్టకుండా ఉండటానికి పడిన కష్టం కనబడింది. ఓబులేసు ఎముకలు అతుక్కునేకి నాలుగు నెలలు పట్టింది. జాక్‌హామర్ మళ్లీ పట్టలేకపోయాడు. ఇప్పుడు మా కంప్రెసరు దగ్గర ఆయనే. ప్రతి జాయింటుకూ పోయి పిన్ను చేత్తో తడిమి చూసిగానీ ఇంజను స్టార్టు చేయడు. నేను ఎంత తొందరపడినా వినడు. నేనూ తొందరపడటం మానేశాను.

సెలవు దినం వచ్చింది. పొద్దున్నే పోయాను. శెట్టెమ్మ గల్లాపెట్టె పక్కన ఒక స్టూలు వేసి ఉంచింది. ఎవరైనా వచ్చి గని సరుకు అడిగితే, నా వైపు చూపించి, ముందు ఈయప్ప చెప్పేది విను అనేది. మొదట వచ్చినతనికి నేను నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాను. ఆమె మధ్యలోనే ఆపింది.

“ఏంది చెప్తాండావు? గట్టిగా చెప్పు. పంక్చరు పడినట్టుండాది నీ గొంతు.”

రెండోసారి గట్టిగా చెప్పాను. ఊడిపోయిన కప్లింగు ఈమె దగ్గర కొన్నది కాదు. ఈమె పిన్ను, తాడు ఇస్తానంటే నేను వద్దని ఇంకో అంగట్లో కొన్నాను. రంధ్రం లేనిది కొని వైరు కట్టించాను. మనిషి ఎముకలు విరిగాయి. తర్వాత ఈమె మీద అబద్ధం చెప్పాను. ఇంతే నా పాఠం. చెప్పగా చెప్పగా నాకే కంఠతా వచ్చింది. ఒకడు విని నవ్వాడు. ఒకాయన మా నాయన పేరు చెప్పి, ఆయన కొడుకువేనా అని నిర్ధారణ చేసుకుని, తల అడ్డంగా ఊపుతూ పోయాడు. ఒకడు ఫోను చేసి ఇంకో ఇద్దరిని పిలిపించాడు, చూసిపోదురని. పులివెందుల నుంచి వచ్చిన బోరు లారీ ఆయన మాత్రం సంచి కింద పెట్టి, మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన తన గొట్టాలకు ఏం కట్టి ఉన్నాయో మనసులో లెక్కపెట్టుకుంటున్నట్టు పైకి చూశాడు.

మధ్యాహ్నం ఆమె తన క్యారియరు విప్పి నాకు సగం పెట్టింది. చిత్రాన్నం, పప్పు, వేయించిన మిరపకాయలు. నేను తినలేనంటే, అబద్ధం చెప్పేటప్పుడు ఆకలి ఉండేది, నిజం చెప్పేటప్పుడు లేదా అనింది. తిన్నాను. బంగారు అంగళ్ల చుట్టాల్లో ఒకాయన సందులోకి తొంగి చూసి, ఈయనెవరమ్మా, కొత్త గుమస్తానా అని అడిగాడు. జీతం లేని గుమస్తా అని చెప్పింది.

ఎండ దిగి, సందులో నీడ పరుచుకుని, మనుషులు పలచబడినాక నేను లేచాను. నా గనికి కావలసిన కప్లింగులు, పిన్నులు, ఉక్కు తాళ్లు తీసుకున్నాను. వెళ్లేముందు, కోపం పోయిందా అమ్మా అని అడిగాను.

ఆమె పిన్నుల డబ్బా బోర్లించి చూస్తోంది. డబ్బా ఖాళీగా ఉంది.

“ఇరవై ఏండ్లు నేను గొంతు చించుకోని చెప్తే ఒగడూ కొన్లేదు. నువ్వు ఒక్క పొద్దు కూర్చుంటే డబ్బా అయిపాయ. రాత్రికి సరుకు తెప్పిస్తా. రేపు కూడా వచ్చి కూర్చో.”

మర్నాడు పోయి కూర్చున్నాను.